వాన పడ్డప్పుడల్లా ప్యానెల్‌లో ఎర్త్ ఫాల్ట్: జంపర్ తీసేయమంటున్నారు, ఏం చేయాలి?

హన్మకొండ_టెక్:
అన్నలందరికీ నమస్తే. హన్మకొండలో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఫైర్ అలారం ఏఎంసీ (ఏడాది మెయింటెనెన్స్ కాంట్రాక్టు) కొత్తగా మా చేతికి వచ్చింది. ఐదంతస్తులు, అడ్రెసబుల్ ప్యానెల్ (ప్రతి డిటెక్టర్‌ను దాని నంబరుతో గుర్తించేది), రెండు లూపులు (ప్యానెల్ నుంచి బయల్దేరి డిటెక్టర్లన్నీ చుట్టి మళ్లీ ప్యానెల్‌కే వచ్చే లైన్లు), రెండు హూటర్ (సైరన్) సర్క్యూట్లు. కేబుల్ అంతా 1.5 స్క్వేర్ ఎంఎం ఆర్మర్డ్ (పైన ఇనుప తీగల కవచం ఉన్నది). వానలు మొదలైన దగ్గర్నుంచి ప్యానెల్ మీద ఎర్త్ ఫాల్ట్ (ఏదో తీగ భూమికి తగిలిందనే హెచ్చరిక) చూపిస్తోంది. మొదట్లో రాత్రి వచ్చి, ఎండ కాస్తే మధ్యాహ్నానికి పోయేది. ఈ మధ్య అసలు పోవడమే లేదు.

బజర్ మోగినప్పుడల్లా సిస్టర్లు సైలెన్స్ నొక్కి వదిలేస్తున్నారు. మేనేజర్ గారేమో, "ఇదివరకు చూసినాయన బోర్డు మీద ఎర్త్ జంపర్ (ఎర్త్ ఫాల్ట్ చూసే ఏర్పాటును కలిపి ఉంచే చిన్న క్లిప్పు) తీసేస్తే పోతుందన్నాడు, మీరూ అదే చేయండి" అంటున్నారు. డిటెక్టర్‌కు పొగ పెడితే అలారం వస్తోంది, హూటర్లు మోగుతున్నాయి. అయినా జంపర్ తీయడానికి నాకు మనసు ఒప్పడం లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి? నా దగ్గర మల్టీమీటర్, 500 వోల్టుల మెగ్గర్ (ఎక్కువ వోల్టేజీ పెట్టి ఇన్సులేషన్ కొలిచే మీటర్) ఉన్నాయి.

రామగుండం_ఇన్‌స్ట్రుమెంట్:
తమ్ముడూ, జంపర్ జోలికి పోవద్దు. జంపర్ తీస్తే పోయేది లైటు, ఫాల్ట్ కాదు.

ఇంటి కరెంటులో న్యూట్రల్‌ను ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర భూమికి కలుపుతారు. ఫైర్ ప్యానెల్‌లో అలా ఉండదు. 24 వోల్టుల డీసీలో ప్లస్, మైనస్ రెండూ భూమికి నేరుగా తగలకుండా విడిగా ఉంటాయి. అందుకే ఒక తీగ ఎక్కడో ఇనుప పైపుకు తగిలినా కరెంటు తిరిగి రావడానికి దారి దొరకదు, సిస్టం పని చేస్తూనే ఉంటుంది. నీ పొగ పరీక్ష పాసవడానికి కారణం అదే. మొదటి ఎర్త్ ఫాల్ట్‌తో నడుస్తున్న ప్యానెల్ అంటే స్టెప్నీ లేకుండా బండి నడుపుతున్నట్టు.

ప్రమాదమంతా రెండో ఫాల్ట్‌తోనే. ఇప్పటికే ఎక్కడో మైనస్ భూమికి తగిలి ఉందనుకో. రేపు హూటర్ లైనులో ప్లస్ తీగ తగిలితే, ఆ రెండూ భూమి గుండా కలిసి షార్ట్ అవుతాయి. ప్యానెల్ తనను తాను కాపాడుకోవడానికి ఆ సర్క్యూట్‌ను ఆపేస్తుంది. హూటర్ మోగాల్సిన సమయానికి మోగదు. స్ప్రింక్లర్ ఫ్లో స్విచ్ (పైపులో నీళ్లు పారితే మూసుకునే స్విచ్) నుంచి మాడ్యూల్‌కు (బయటి స్విచ్చులను, రిలేలను లూపుకు కలిపే పెట్టె) వచ్చే రెండు తీగలూ భూమికి తగిలితే స్విచ్ మూసుకున్నట్టే లెక్క, నీళ్లు పారకుండానే అలారం వస్తుంది. సర్వర్ రూములో మంటలార్పే గ్యాస్ సిలిండర్ రిలీజ్ సర్క్యూట్ ఉంటే ఇంకా భయపడాలి. ఆసుపత్రిలో లేవలేని మనుషులుంటారు. అక్కడ రెండో ఫాల్ట్ వచ్చేదాకా ఆగడం తప్పు.

నక్కలగుట్ట_ఎంఈపీ:
రామగుండం అన్న చెప్పింది నిజమే, కాదనను. కానీ సైట్ కష్టం కూడా చూడాలి. పాత బిల్డింగులో కిలోమీటర్ల కొద్దీ కేబుల్ ఉంటుంది, వానాకాలంలో కొంత లీకేజీ ఎక్కడైనా ఉంటుంది. కొన్ని ప్యానెళ్లు మరీ సున్నితం, కాస్త తేమకే లైటు వేస్తాయి. పేషెంట్లు నిండి ఉన్న వార్డులో ఫాల్స్ సీలింగ్ విప్పుతానంటే ఏ మేనేజర్ ఒప్పుకుంటాడు? వానలు తగ్గేదాకా జంపర్ తీసి, ఆ తర్వాత చూసుకుంటే?

రామగుండం_ఇన్‌స్ట్రుమెంట్:
ఒప్పుకోను తమ్మీ. వానలు తగ్గాక తడి ఆరిపోతుంది, ఫాల్ట్ కనబడదు, వచ్చే జూన్‌ దాకా ఎవరూ వెతకరు. జంపర్ తీసినట్టు ఎక్కడా రాసి ఉండదు. మధ్యలో ఏఎంసీ చేతులు మారుతుంది. తర్వాత వచ్చినవాడు ప్యానెల్ పచ్చగా ఉంది కదా అని సంతకం పెట్టి పోతాడు. నానిన చోటును వాన ఉన్నప్పుడే పట్టుకోవాలి.

నియమాల మాట కూడా చెప్తాను. అమెరికా వాళ్ల ఎన్‌ఎఫ్‌పీఏ 72 ప్రకారం ఒక్క ఎర్త్ ఫాల్ట్ వచ్చినా ప్యానెల్ 200 సెకన్లలోపు ట్రబుల్ చూపించాలి. మన దగ్గర డిటెక్షన్, అలారం సిస్టంల ఎంపిక, బిగింపు, మెయింటెనెన్స్‌కు ఐఎస్ 2189 ఉంది. తప్పు పట్టుకునే ఏర్పాటును ఆపేస్తే దాన్ని మెయింటెనెన్స్ అనరు.

ఫాల్స్ సీలింగ్ అంతా విప్పాల్సిన పని లేదు. ముందు ప్యానెల్ దగ్గరే సగం సంగతి తేలుతుంది.

కరీంనగర్_మెగ్గర్:
మెగ్గర్ సంచిలోనే పెట్టు తమ్ముడూ, దాని అవసరం చివర్లో వస్తుంది. ముందు మల్టీమీటర్‌ను డీసీ వోల్టుల్లో పెట్టి ప్యానెల్ దగ్గర మూడు కొలతలు తీసుకో. ప్లస్ నుంచి మైనస్‌కు ఎంత, ప్లస్ నుంచి ఎర్త్‌కు ఎంత, మైనస్ నుంచి ఎర్త్‌కు ఎంత. బ్యాటరీలు చార్జింగ్‌లో ఉంటాయి కాబట్టి మొదటిది 27 దగ్గర వస్తుంది.

ప్లస్ నుంచి ఎర్త్‌కు దాదాపు మొత్తం వోల్టేజీ వచ్చి, మైనస్ నుంచి ఎర్త్‌కు సున్నా దగ్గర ఉంటే మైనస్ తీగ భూమికి గట్టిగా తగిలినట్టు. తిరగేసి వస్తే ప్లస్. సున్నాకు రాకుండా ఒక పక్కకు మొగ్గి, అటూ ఇటూ జారుతూ ఉంటే అది లోహం తగలడం కాదు, తడి. ఇనుముకు తగిలిన ఫాల్ట్‌కు, నీళ్ల ఫాల్ట్‌కు తేడా మీటరే చెప్తుంది. బాగున్న ప్యానెల్‌లో ఈ రెండు కొలతలు ఎంత ఉండాలన్నది కంపెనీని బట్టి మారుతుంది. ప్యానెల్ లోపలి సర్క్యూట్ ఎర్త్‌ను మధ్యలో ఎక్కడో ఒకచోట నిలిపి ఉంచుతుంది.

ఎర్త్ అంటే ప్యానెల్ డబ్బాకు వచ్చే ఎర్త్ తీగ. అది నిజంగా ఎర్త్ పిట్ దాకా వెళ్లిందో లేదో కూడా చూడు. ఎర్త్ తీగ తెగి ఉంటే ఈ కొలతలకు అర్థమే ఉండదు.

హన్మకొండ_టెక్:
చూశాను అన్నా. ప్లస్ నుంచి మైనస్ 27.1, ప్లస్ నుంచి ఎర్త్ 26.9, మైనస్ నుంచి ఎర్త్ 0.2. కదలకుండా నిలబడి ఉంది. ఎర్త్ తీగ బాగానే ఉంది. బ్యాటరీలు కూడా చూశాను, ఉబ్బడం గానీ యాసిడ్ కారి డబ్బాకు అంటడం గానీ లేదు.

అంటే మైనస్ గట్టిగా తగిలింది, తడి కాదు. మరి వానకు ఎందుకు వచ్చిపోయేది?

కరీంనగర్_మెగ్గర్:
మంచి ప్రశ్న. రెండు ఫాల్టులు ఉండి ఉండొచ్చు. గట్టిది కలిసినప్పుడు మెత్తని ఫాల్ట్ దాని వెనక దాక్కుంటుంది. ముందు గట్టిదాన్ని తీసేయ్, రెండోది దానంతట అదే బయటపడుతుంది.

ఇప్పుడు సర్క్యూట్లు విడదీయాలి. దానికి ముందు మేనేజర్‌కు, ప్రతి అంతస్తు సిస్టర్ ఇన్‌చార్జికి చెప్పు. పని జరిగినంతసేపు వార్డుల్లో ఒక మనిషి తిరుగుతూ ఉండాలి. లిఫ్టులు కిందికి దిగే కమాండ్, ఏసీ బంద్ అయ్యే కమాండ్, గ్యాస్ రిలీజ్ ఉంటే అదీ ముందు డిసేబుల్ చెయ్. గ్యాస్ అయితే ప్యానెల్‌లో డిసేబుల్ చేసి ఊరుకోకుండా సిలిండర్ మీది సోలనాయిడ్‌ను (కరెంటు వస్తే వాల్వ్ తెరిచే కాయిల్) కూడా విప్పి పక్కన పెట్టాలి. ఆసుపత్రిలో లిఫ్ట్ మధ్యలో కదిలితే స్ట్రెచర్ మీద ఉన్నవాళ్ల గతేంటి?

తర్వాత ఒక్కో సర్క్యూట్‌కు రెండు తీగలూ తీయ్, ఒకటి తీసి ఒకటి ఉంచొద్దు. లూపుకు రెండు చివర్లుంటాయి. పోయే వైపు తీసి వచ్చే వైపు మరిచిపోతే లూపు ఇంకా కలిసే ఉంటుంది, అది బాగుందని పొరపడతావు. షీల్డ్ ఉన్న కేబుల్ అయితే డ్రెయిన్ తీగ (షీల్డ్‌కు ఆనుకుని ఉండే ఉత్త తీగ) కూడా తీయాలి. తీసిన ప్రతిసారీ కొన్ని నిమిషాలు ఆగు. ప్యానెల్ వెంటనే మాట మార్చదు. చాలామంది ఆగకుండా పదిచోట్ల తీసి పెట్టి, ఏది తీస్తే పోయిందో తెలియక తికమక పడతారు.

జమ్మికుంట_జిన్నింగ్:
మధ్యలో వచ్చినందుకు ఏమీ అనుకోవద్దు. ఐసొలేటర్ మాడ్యూళ్లు (షార్ట్ అయిన భాగాన్ని లూపు నుంచి విడదీసేవి) లూపులో ఉన్నాయి కదా, ఫాల్ట్ ఉన్న భాగాన్ని అవే విడదీయాలి కదా? మా మిల్లులో ప్రతి షెడ్డుకు ఒకటి పెట్టారు, అయినా ఎర్త్ ఫాల్ట్ మొత్తం ప్యానెల్‌కు వస్తోంది.

రామగుండం_ఇన్‌స్ట్రుమెంట్:
ఐసొలేటర్ ప్లస్‌కు మైనస్‌కు మధ్య షార్ట్‌ను చూసి తెరుచుకుంటుంది. ఒక్క తీగ భూమికి తగిలితే రెండు తీగల మధ్య వోల్టేజీ ఏమీ పడిపోదు, కాబట్టి దానికి తెలియదు. దాని తప్పేమీ లేదు, దాని పని వేరు.

జిన్నింగ్ మిల్లులో ముందు డిటెక్టర్ బేసులు విప్పి చూడు. మెషిన్ల అదురుకు బేసు స్క్రూలు వదులవుతాయి. ఎవరో మళ్లీ బిగిస్తారు. వెనక మడిచి కుక్కిన తీగ జంక్షన్ బాక్స్ అంచుకు, బేసుకు మధ్య నలుగుతుంది. పొడుగు స్క్రూ వాడితే నేరుగా తీగలోకే దిగుతుంది. నేను చూసిన గట్టి ఎర్త్ ఫాల్టుల్లో ఎక్కువ భాగం బేసు వెనకే దొరికాయి. ఆ తర్వాత జీఐ పైపు కోసిన అంచుకు బుష్ వేయని చోట్లు.

హన్మకొండ_టెక్:
దొరికింది అన్నా! అన్నీ తీసేశాను, ఫాల్ట్ పోయింది. లూప్ 1 పెట్టాను, రాలేదు. లూప్ 2, రాలేదు. హూటర్లు, రాలేదు. ఆగ్జిలరీ (ప్యానెల్ బయటి పరికరాలకు ఇచ్చే) 24 వోల్టుల ఔట్‌పుట్ తీగలు పెట్టగానే కాసేపటికి మళ్లీ వచ్చింది.

ఆ లైను తలుపుల మ్యాగ్నెటిక్ లాకులకు పోతుంది. అగ్ని ప్రమాదం వస్తే తలుపులు తెరుచుకోవాలని పెట్టారు. పోయిన నెల తలుపుల కార్డు సిస్టం పెట్టినవాళ్లు తమ ఎస్‌ఎంపీఎస్ (ఏసీని డీసీగా మార్చే పవర్ సప్లై) మైనస్‌ను మన ఆగ్జిలరీ మైనస్‌కు కలిపేశారు. ఆ ఎస్‌ఎంపీఎస్ మైనస్ దాని బాడీకి, బాడీ నుంచి ఎర్త్‌కు కలిసి ఉంది. వాళ్ల తీగ విప్పగానే మైనస్ నుంచి ఎర్త్ కొలత సున్నా నుంచి పైకి లేచింది.

నక్కలగుట్ట_ఎంఈపీ:
ఇది ప్రతి బిల్డింగులో ఉంది తమ్ముడూ. ఫైర్ వాళ్లు పోయాక కార్డు సిస్టం వాళ్లు, నర్స్ కాల్ వాళ్లు, పబ్లిక్ అడ్రెస్ వాళ్లు వస్తారు. 24 వోల్టులు ఎక్కడ కనిపిస్తే అక్కడ కలుపుకుంటారు. వాళ్లకు మన మైనస్ భూమికి తగలకూడదని ఎవరూ చెప్పరు. దీనికి మందు ఒకటే, వాళ్ల కరెంటు వాళ్లది, మన కరెంటు మనది. మధ్యలో మన మాడ్యూల్ రిలే కాంటాక్ట్ మాత్రమే ఉండాలి. అలారం వస్తే ఆ కాంటాక్ట్ వాళ్ల లాకుకు పోయే సప్లైని తెంచాలి. అది తెగితే తలుపు తెరుచుకుంటుంది. తీగ తెగినా, వాళ్ల ఎస్‌ఎంపీఎస్ కాలిపోయినా కూడా తెరుచుకునే ఉంటుంది.

పైన జంపర్ మాట అన్నది నేనే. ఇది చూశాక ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా.

ఎనుమాముల_కోల్డ్‌స్టోర్:
ఇలాంటిదే ఇంకొకటి. కంప్యూటర్ తెచ్చి ప్యానెల్ సీరియల్ పోర్టుకు పెట్టినప్పుడు ఎర్త్ ఫాల్ట్ వస్తే, లాప్‌టాప్ చార్జర్ తీసి బ్యాటరీ మీద నడిపి చూడండి. మూడు పిన్నుల చార్జర్ ద్వారా లాప్‌టాప్ భూమికి కలిసి ఉంటుంది. పోర్టుకు ఐసొలేషన్ లేకపోతే ప్యానెల్ మైనస్ దాని గుండా భూమికి దిగుతుంది. గ్రాఫిక్స్ కంప్యూటర్ ఎప్పుడూ కలిపే ఉంచే చోట పోర్టుకు ఐసొలేటర్ పెట్టాలి.

మా దగ్గర గొడవ వేరే. మిర్చి పెట్టే కోల్డ్ స్టోరేజీ. పైపు బయట వేడిగా ఉంటుంది, గోడ దాటి చల్లటి గదిలోకి పోతుంది. బయటి గాలిలో తేమ పైపు లోపల నీళ్లై జంక్షన్ బాక్స్‌లో చేరుతుంది. వాన అక్కర్లేదు, మే నెలలో కూడా వస్తుంది. డిటెక్టర్ మార్చినా, బేసు మార్చినా మళ్లీ అదే.

కరీంనగర్_మెగ్గర్:
గోడ దాటే చోట పైపు లోపల కూడా సీలింగ్ కాంపౌండ్‌తో మూసేయండి, గాలి అటూ ఇటూ పోకూడదు. పైపు చుట్టూ పూసి లోపల ఖాళీ వదిలితే లాభం లేదు. చల్లటి వైపు మొదటి బాక్స్‌కు కింది నుంచి ఎంట్రీ పెట్టి, అడుగున చిన్న డ్రెయిన్ ఇవ్వండి.

హన్మకొండ_టెక్:
మీరన్నట్టే రెండోది బయటపడింది. నిన్న రాత్రి వాన దంచి కొట్టింది. పొద్దున పోయేసరికి ఫాల్ట్ ఉంది. ప్లస్ నుంచి ఎర్త్ 6, మైనస్ నుంచి ఎర్త్ 21, అటూ ఇటూ జారుతున్నాయి. అంటే ప్లస్ వైపు తడి. విడదీసి చూస్తే హూటర్ సర్క్యూట్ 2 తీయగానే పోయింది. మూడో అంతస్తు నుంచి టెర్రస్ దాకా పోయే లైను అది.

కానీ ఒకటి అర్థం కాలేదు. తీగలు విప్పి మీటర్ ఓముల్లో పెట్టి చూస్తే, ఎర్త్‌కు దగ్గరగా ఉన్నది మైనస్ అని గుర్తు పెట్టిన తీగ. 18 కిలోఓములు వస్తోంది. ప్లస్ గుర్తున్న తీగకు దానికంటే చాలా ఎక్కువ వస్తోంది. ప్యానెల్ దగ్గర ప్లస్ అని, ఇక్కడ మైనస్ అని వస్తోంది. గుర్తులు తారుమారయ్యాయా?

రామగుండం_ఇన్‌స్ట్రుమెంట్:
గుర్తులు సరిగ్గానే ఉన్నాయి. హూటర్ సర్క్యూట్ మామూలు సమయంలో తిరగేసిన పొలారిటీతో ఉంటుంది. హూటర్లలో డయోడ్ ఉంటుంది, తిరగేసిన వోల్టేజీకి అవి మోగవు, లైను చివర పెట్టిన రెసిస్టర్ గుండా మాత్రం చిన్న కరెంటు పోతుంది. ఆ కరెంటును చూసే ప్యానెల్ లైను తెగిందో లేదో కనిపెడుతుంది. అలారం వచ్చినప్పుడు పొలారిటీ తిప్పితే హూటర్లు మోగుతాయి. కాబట్టి మైనస్ గుర్తున్న తీగ ఇప్పుడు ప్లస్‌లో ఉంది.

ఇందులో ప్రమాదం కూడా చూడు. అలారం వచ్చిన క్షణంలో ఆ తీగ మైనస్ అవుతుంది, ఫాల్ట్ కూడా మైనస్‌కు మారుతుంది. మామూలు సమయంలో ఏ ఇబ్బందీ లేని రెండు లీకులు అలారం సమయంలో ఎదురెదురు పక్షాలకు పోవచ్చు.

హన్మకొండ_టెక్:
ఇది నాకు ఎవరూ చెప్పలేదన్నా. ఇప్పుడు టెర్రస్ దాకా ఎట్ల వెతకాలి? మెగ్గర్ కొట్టొచ్చా?

పరకాల_వైరింగ్:
రెండు తీగలు కలిపి మెలేసి ఎర్త్‌కు మెగ్గర్ కొట్టొచ్చు కదా. రెండు తీగల మధ్య వోల్టేజీ ఉండదు కాబట్టి హూటర్ల లోపల ఏమీ కాదు.

కరీంనగర్_మెగ్గర్:
లెక్కకు సరిపోతుంది, చేతికి సరిపోదు పరకాల అన్నా. ఒక చోట జాయింట్ వదులుగా ఉన్నా ఆ సమానత్వం పోతుంది, 500 వోల్టులు పరికరం గుండా పోతాయి. లూపులో అయితే డిటెక్టర్లు, మాడ్యూళ్లు వరుసగా పోవచ్చు, మాడ్యూల్ అవతలి వైపు ఇంకెవరి సర్క్యూటో ఉంటుంది. పరికరాలు కలిసి ఉండగా మెగ్గర్ వద్దు. తీగ ఒక్కటే మిగిలినప్పుడు, ప్యానెల్ వైపు కూడా విప్పినప్పుడు కొట్టు.

హన్మకొండ తమ్ముడూ, నీకు 18 కిలోఓములు మల్టీమీటర్‌కే కనబడుతున్నాయి కాబట్టి అదే చాలు. లైనును మధ్యలో విడదీయి. నాలుగో అంతస్తు జంక్షన్ బాక్స్‌లో తీగలు విప్పి, కింది సగాన్ని, పై సగాన్ని విడివిడిగా ఎర్త్‌కు కొలువు. ఏ సగంలో తక్కువ ఓములు వస్తే దాన్ని మళ్లీ సగం చెయ్. ఒక్కో హూటర్ విప్పుకుంటూ పోయే బదులు ఇలా చేస్తే నాలుగైదు చోట్ల విప్పేసరికి తేలిపోతుంది. వాన తడి ఆరకముందే చెయ్, ఇవాళే పో.

హన్మకొండ_టెక్:
పోయి చూశాను. నాలుగో అంతస్తు కింద లైను శుభ్రంగా ఉంది. పైన ఐదో అంతస్తు బాగుంది. మిగిలింది టెర్రస్ మీద లిఫ్ట్ మెషిన్ రూమ్ పక్కన ఉన్న హూటర్. దాని బాక్స్‌కు గ్లాండ్ (కేబుల్ బాక్స్‌లోకి దిగే చోట బిగించే అమరిక) పై నుంచి బిగించారు. పైనుంచి వచ్చే ఆర్మర్డ్ కేబుల్ మీద నీళ్లు జారి నేరుగా గ్లాండ్ లోకి పోతున్నాయి. బాక్స్ తెరిస్తే లోపల నీళ్లు. మైనస్ గుర్తున్న టెర్మినల్ మొత్తం పచ్చటి చిలుము పట్టి తీగ సగం తినేసి ఉంది. ప్లస్ టెర్మినల్ మాత్రం దాదాపు కొత్తగానే ఉంది.

రామగుండం_ఇన్‌స్ట్రుమెంట్:
ఆ చిలుమే సాక్ష్యం. తడిలో ప్లస్ వోల్టేజీ మీద ఉన్న రాగి కరిగిపోతుంది. మామూలు సమయంలో ఆ తీగ ప్లస్‌లో ఉంటుందని చెప్పాను కదా, నెలల తరబడి అదే తినేసింది. ఇంకొన్ని వానలు పడితే తీగ తెగి హూటర్ మోగకుండా అయ్యేది.

ఆ కేబుల్ చివరి ముక్క కోసెయ్. నీరు ఆర్మర్ వెంట లోపలికి కూడా పాకి ఉంటుంది, మంచి రాగి, పొడి ఇన్సులేషన్ కనబడేదాకా కోయి. కొత్త బాక్స్‌కు కింది నుంచి గ్లాండ్ పెట్టు, కేబుల్‌ను బాక్స్ కంటే కిందికి వంచి మళ్లీ పైకి తెచ్చి ఎక్కించు, నీరు ఆ వంపు దగ్గరే కారిపోతుంది. ఆర్మర్ తీగల్లో ఒక్కటి కూడా లోపలి కోర్ మీదికి పొడుచుకు రాకుండా చూడు.

హన్మకొండ_టెక్:
అన్నీ అయిపోయాయి. కొత్త కేబుల్ ముక్క వేశాను, హూటర్ కట్టకముందు, రెండో చివర కూడా విప్పి మెగ్గర్ కొట్టాను. పాత ముక్కకు మెగాఓమ్‌లో పదో వంతు కూడా రాలేదు, కొత్తదానికి రెండు కోర్లూ ఆర్మర్‌కు 200 మెగాఓములు దాటాయి. హూటర్ కట్టాక వాన పడ్డా ఫాల్ట్ రాలేదు.

చివరిగా ఒక సందేహం. ఫాల్ట్ నిజంగానే పోయిందా, లేక ప్యానెల్ ఎర్త్ ఫాల్ట్ చూడటమే మానేసిందా? ఇదివరకు ఎవరైనా బోర్డు మీద ఏమైనా కదిపారేమోనని అనుమానం.

కరీంనగర్_మెగ్గర్:
అడగాల్సిన ప్రశ్న అదే. ఏ ఫాల్ట్ లేనప్పుడు వెయ్యి ఓముల రెసిస్టర్ ఒక చివరను ప్యానెల్ ఎర్త్‌కు, రెండో చివరను ఆగ్జిలరీ మైనస్‌కు తాకించి పట్టుకో. ప్యానెల్ ఎర్త్ ఫాల్ట్ చూపించాలి. తీసి ఆగు, పోవాలి. తర్వాత ప్లస్‌కు కూడా అలాగే. ఒక పక్కే చూపిస్తే బోర్డును కంపెనీకి పంపాలి. ప్రతి ఏఎంసీ విజిట్‌లో ఇది చెయ్, అలారం పరీక్ష పక్కనే దీన్నీ రాయి.

హన్మకొండ_టెక్:
రెండు వైపులా చూపించింది, తీశాక రెండుసార్లూ పోయింది. మంచిగా ఉన్నప్పటి మూడు కొలతలు ప్యానెల్ తలుపు లోపల రాసి అంటించాను, తేదీ వేసి. మేనేజర్ గారికి కార్డు సిస్టం వాళ్లు మన తీగలు ముట్టకూడదని రాతపూర్వకంగా ఇచ్చాను, తలుపుల లాకులు రిలే మీదికి మార్చే పని వచ్చే వారం ఉంది. అప్పటిదాకా ఆ తలుపులు తీసే ఉంచమని, రాత్రి సెక్యూరిటీని అక్కడ ఉంచమని అడిగితే ఒప్పుకున్నారు.

ఎనుమాముల_కోల్డ్‌స్టోర్:
తమ్ముడూ, ఆ రెసిస్టర్ ఎన్ని వాట్లది వాడావు?

హన్మకొండ_టెక్:
ఒక వాట్‌ది అన్నా. 27 వోల్టులకు వెయ్యి ఓములంటే ముప్పావు వాట్ కంటే తక్కువే, సరిపోయింది.